నడిమింట దారి మార్పు



శ్రావణమాసపు వానలలో బండి కట్టుకొని పొరుగూరికి బయలుదేరినవాడు నడిత్రోవలో వాగు పొంగియుండుట చూచినచో తొందరపడడు. ఎద్దులను కాడి విప్పి, గట్టున చెట్టుక్రింద కూర్చుండి, చుట్ట ముట్టించి, నీరు తీయువరకు వేచియుండును. తీయకున్న ఇంటికి మరలును. రైలును నిలుపుటకు వీలు గలదు, ఓడకు లంగరు గలదు. విమానమునకు ఈ రెండును లేవు. అది గాలిలో ముందునకు పోవుచున్నంతవరకే రెక్కలు దానిని మోయును. పెద్ద విమానము గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోవును, అనగా నిమిషమునకు 15 కిలోమీటర్లు. కావున దాని నడుపువాడు ఆలోచించుచు రెండు నిమిషములు గడపినచో 30 కిలోమీటర్లు గడచిపోయినట్లే. ఒక్కొక్కప్పుడు ఆ 30 కిలోమీటర్లే తిరిగి రాని దూరమగును.

మీకు ఈ సంగతితో పని యేమని యనుకొనవలదు. మీలో పలువురు అమెరికాలోనో, గల్ఫు దేశములలోనో కాపురమున్న కొడుకులను, కూతుళ్లను చూడబోవుచున్నారు. మనుమని పురిటికి పోయి వచ్చిన ముత్తైదువ లేని యూరు మా ప్రాంతమున నేడు అరుదు. ఒక పుష్యమాసపు ఉదయమున నేను గన్నవరమునకు వచ్చుచుండగా, విమానము క్రిందికి దిగినట్లే దిగి, మంచు దట్టముగా నుండుటచే మరల పైకి లేచి, కొంతసేపు చక్రముగా తిరిగి, తుదకు హైదరాబాదు చేరినది. నా ప్రక్కనున్న వృద్ధుడు, “ఊరు క్రిందనే యున్నదే, దింపుటకు వీనికేమి నొప్పి?” యని విసుగుకొనెను. ఆయనకు నేనపుడు సరియైన సమాధానము చెప్పలేకపోతిని. ఈ ప్రసంగము ఆ సమాధానమే యనుకొనుడు.

మొదట తెలియవలసినది, దారి మార్చుట యనునది ఆపత్కాలమున పుట్టిన ఆలోచన కాదు. విమానము నేల విడువకమునుపే, గమ్యస్థానమున దిగుటకు వీలుపడనిచో ఎచ్చటికి పోవలెనో వ్రాసికొందురు. ఆ రెండవ చోటునకు బదులు విమానాశ్రయమని పేరు పెట్టవచ్చును. అచటికి పోవుటకు వలసిన ఇంధనమును ముందే పోసికొందురు. లెక్క యిట్లుండును. గమ్యము చేరుటకు కొంత. ఎదురుగాలి మొదలగువానికై దానిపై సామాన్యముగా నూటికి 5 వంతులు. గమ్యమునుండి బదులు చోటికి పోవుటకు కొంత. వీనికన్నిటికి పైన, 1,500 అడుగుల యెత్తున మరి 30 నిమిషములు తిరుగుటకు చాలునంత. ఈ కడపటి అరగంట ఇంధనము ఇంటిలో విత్తనపు గింజల వంటిది. దానిని ముట్టవలసివచ్చునని తోచిన క్షణముననే చోదకుడు ఆపద యని రేడియోలో ప్రకటింపవలెను. అపుడు ఇతర విమానములన్నియు తొలగి దానికి త్రోవ యీయవలెను.

ఎక్కువగా పోసికొన్న నేమి యని యడుగవచ్చును. ఇంధనమునకు బరువు గలదు. ఆ బరువును మోయుటకే మరికొంత ఇంధనము ఖర్చగును. పైగా దిగునపుడు విమానము మితిమీరిన బరువుతో నుండరాదు. బయలుదేరిన కొలదిసేపటికే దిగవలసి వచ్చిన పెద్ద విమానములు కొన్ని, పైననే ఇంధనమును గాలిలోనికి వదలి తేలికపడిన పిమ్మట దిగును. వినుటకు వ్యర్థవ్యయముగా తోచును గాని, అది అవసరమే.

బదులు చోటు దగ్గరగా నున్న చాలదు. గమ్యమునకు పట్టిన పీడ దానికిని పట్టియుండరాదు. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకి, విమానాశ్రయమును సైతము పాడుచేసినది. అట్టి దినమున విశాఖకు బదులుగా తీరముననే యున్న మరియొక పట్టణమును ఎన్నుకొన్నవాడు ఒకే మేఘముక్రింద రెండు గొడుగులు పట్టినవాడగును. తుపానుకు వెలుపలనున్న లోనాటి చోటు, అది దూరమైనను, మేలు. శంషాబాదులో రన్వే 4,260 మీటర్ల పొడవుండుటచే ఎంతటి విమానమైనను అచట దిగగలదు. దక్షిణమున నొకచోట వానయో, మంచో, వరదయో పట్టినపుడు విమానములు తరచుగా అచటికి చేరుటకు ఇదియొక కారణము.

ఇక నడిమింట నాపద కలిగినపుడు ఎచ్చటికి పోవలెనను ప్రశ్నకు ఒక్కటే సమాధానము లేదు. ప్రయాణికునకు గుండెనొప్పి వచ్చినచో అన్నిటికంటె దగ్గరి రన్వే కంటె, దానికి పదినిమిషములు అవతలనున్నను మంచి ఆసుపత్రి గల పట్టణము మేలు కావచ్చును. రెండింజన్లలో ఒకటి ఆగి, తక్కినదంతయు నెమ్మదిగా నున్నచో పొడవైన రన్వే, నిర్మలమైన ఆకాశము, అగ్నిమాపకదళము గల చోటును వెదకుకొనవచ్చును. చక్రములను పట్టి నిలుపు బ్రేకులు చెడినచో పొడవే ప్రధానము. పొగ పుట్టినచో ఈ లెక్కలన్నియు మారిపోవును.

సముద్రముమీద ఈ విచారము మరింత కఠినము. పూర్వము రెండింజన్ల విమానముల నెవరును అంత నమ్మెడివారు కారు. 1953లో అమెరికాలో ఏర్పడిన నియమము ప్రకారము అట్టి విమానము, ఒక్క ఇంజనుతోనైనను 60 నిమిషములలో చేరగల విమానాశ్రయమునకు దూరముగా పోగూడదు. ఇంజన్లు నమ్మదగినవైన కొలది ఆ కట్టు సడలినది. 1985లో రెండింజన్ల విమానములకు 120 నిమిషముల అనుమతి దొరకినది. పిమ్మట అది 180 నిమిషములకును, కొన్ని విమానములకు అంతకు మించియు పెరిగినది. అందుచేత నేడు అట్లాంటికు మహాసముద్రము దాటు చోదకుని కాగితములలో దారి పొడుగునను బదులు చోట్ల పేర్లుండును. కెనడాలో గాండరు, ఐర్లండులో షానను, ఐస్లండులో కెఫ్లావిక్, అజోర్సు దీవులలో లాజెస్.

ఇచట చిత్రమైన సంగతి యొకటి గలదు. రెండు రేవుల సరిగా నడుమ నున్నవానికి రెండును సమానమే యని మనము తలంతుము. గోదావరిలో పడవ నడుపు సరంగునడుగుడు. ఏటివాలున పోవు రేవు సమీపము, ఎదురీదవలసిన రేవు దూరము. కొలబద్దతో కొలిచిన రెండును ఒక్కటే కావచ్చును. అట్లాంటికుమీద పైగాలి సామాన్యముగా పడమటినుండి తూర్పునకు వీచును. కావున తూర్పునకు పోవు విమానము నడిసముద్రము చేరకమునుపే, వెనుకకు మరలుటకంటె ముందునకు పోవుటయే కాలమున దగ్గర యగు బిందువును దాటిపోవును. ఆ బిందువు ఎచ్చటనో గాలినిబట్టి బయలుదేరకముందే లెక్కకట్టియుంచుకొందురు. ఆపద వచ్చినపుడు దానికి ఇవతల నున్నామా, అవతల నున్నామా యని చూచుకొన్న చాలును.

ఇట్లు ముందు వ్రాసికొన్నదంతయు ఒక్కొక్కప్పుడు కొరగాకపోవును. 1983 జూలై 23న కెనడాలో జరిగినది చెప్పెదను. ఎయిర్ కెనడావారి బోయింగు 767 విమానము 61 మంది ప్రయాణికులతోను, 8 మంది సిబ్బందితోను మాంట్రియలునుండి ఒటావామీదుగా ఎడ్మంటనునకు పోవుచుండెను. ఇంధనము కొలుచు గడియారములు చెడియుండినవి. ప్రయాణమునకు 22,300 కిలోగ్రాములు కావలసియుండెను. ఆ దేశము అపుడే పౌనులు విడిచి కిలోగ్రాములకు మారుచుండుటచే, లెక్కలో పొరపాటు దొరలి, 22,300 పౌనులు మాత్రమే ఉన్నది. అనగా కావలసినదానిలో సగమునకు లోపలే. మన దేశమున వీశెలు పోయి కిలోలు వచ్చినపుడు అంగడులలో జరిగిన తగవులు పెద్దలకు జ్ఞాపకముండును. ఇచట త్రాసున పడినవి 69 ప్రాణములు.

41,000 అడుగుల ఎత్తున నుండగా గంటలు మ్రోగినవి. చోదకుడు బాబ్ పియర్సను వినిపెగు పట్టణమువైపు మరలెను. కొంతసేపటికి ఒక ఇంజను, తరువాత రెండవది ఆగిపోయినవి. ఇంజన్లు ఆగిన విమానము రాయివలె పడునని పలువురి తలంపు. అది నిజము కాదు. గద్ద రెక్క లాడింపకయే ఎంతదూరము పోవునో చూచియున్నారు గదా. విమానమును అట్లే జారుచు పోగలదు. కాని ఎంతదూరము? ఆ విమానమున దానికి సిద్ధమైన లెక్క లేదు. సహచోదకుడు మోరిస్ క్వింటాల్, ఎత్తు చూపు ముల్లును, నేలమీదినుండి రాడారు అధికారులు చెప్పిన దూరమును కలిపి చూచెను. 10 నాటికల్ మైళ్లు పోవులోపల 5,000 అడుగులు తగ్గినది. అనగా ఒక మైలు దిగినచో పండ్రెండు మైళ్లు ముందునకు. ఆ లెక్క ప్రకారము వినిపెగు అందదు. ఆ వేళ విమానములో అందరికంటె విలువైన పని చేసినది ఆ చిన్న త్రైరాశికమే యని నా యభిప్రాయము. అందని యూరిపై ఆశ విడిపించినది అదియే.

క్వింటాల్ పూర్వము వాయుసేనలో గిమ్లీ యను చోట పనిచేసెను. అచటి రన్వే అతనికి జ్ఞాపకము వచ్చినది. అది చోదకుల చేతి పుస్తకములలో లేదు. అతనికి తెలియని దేమనగా, ఆ రన్వేలో ఒక భాగము మోటారు పందెములకు ఇచ్చివేయబడినది, ఆ దినమున అచట పందెపువారు కుటుంబములతో విడిదిచేసియుండిరి. ముందుచక్రము సరిగా దిగలేదు. విమానము మరీ ఎత్తుగా, వేగముగా వచ్చుచుండెను. పియర్సనుకు ఇంజను లేని తేలుడు విమానములు నడపిన అలవాటుండుటచే, విమానమును ప్రక్కవాటుగా వంచి, గాలిని ఎదురొత్తునట్లు చేసి, ఎత్తు తగ్గించి, దింపెను. చప్పుడు లేకుండ వచ్చుచున్న విమానమును చూచి జనము పరుగెత్తిరి. ముందుభాగము నేలకు రాచుకొని, విమానము నిలిచినది. ఒక్కరును చనిపోలేదు, క్రిందనున్నవారికి దెబ్బయే తగులలేదు.

దీనికి ఎదురైన కథ 1998 సెప్టెంబరు 2వ తేదీది. స్విస్ఎయిర్ సంస్థ విమానము న్యూయార్కునుండి జినీవాకు 229 మందితో బయలుదేరినది. సుమారు గంటకు చోదకులకు ఏదియో వాసన, పిదప పొగ కనబడినది. వారు దిగుటకు చోటు కావలెనని కోరుచు బోస్టను పేరు చెప్పిరి. అది సుమారు 300 నాటికల్ మైళ్లు వెనుక నున్నది. నేలమీది అధికారి, హాలిఫాక్సు 66 మైళ్లలోనే యున్నదని చెప్పగా, చోదకులు వెంటనే అంగీకరించిరి. ఎరుగని ఊరికంటె ఎరిగిన ఊరివైపు మనస్సు పోవుట మానవస్వభావము. సహాయమనగా ఇదియే: నడుపువానికి తోచని పేరును చల్లగా అతని చెవిని వేయుట.

అయినను ఆ విమానము అప్పటికి చాల ఎత్తున నుండెను, ఇంధనముతో బరువుగా నుండెను. దిగుటకు మరికొంత దూరము కావలెనని, ఇంధనము వదలవలెనని చుట్టు తిరిగిరి. వాసన తెలిసిన 21 నిమిషములకు విమానము పెగ్గీస్ కోవ్ సమీపమున సముద్రమున పడినది. ఒక్కరును మిగులలేదు. తిన్నగా హాలిఫాక్సుకు పోయినచో బ్రతికెడివారని నాడు పలువురు నిందించిరి. కెనడా ప్రభుత్వపు విచారణసంఘము సంవత్సరముల తరబడి పరిశోధించి, నిప్పు పైకప్పు సందులో దాగి వ్యాపించిన వేగమునుబట్టి, పొగ సంగతి తెలిసిన తోడనే మరలినను క్షేమముగా దిగుట సాధ్యమయ్యెడిది కాదని తేల్చినది. కావున ఆ చోదకులను దూషించుట న్యాయము కాదు. కాని వారి వెనుకటివారు నేర్చుకొన్నది గలదు. కారణము తెలియని పొగ కనబడగానే ముందు దిగుటకు సిద్ధపడి, కారణమును పిమ్మట వెదకవలెనని చోదకులకు నేర్పుట అటుపై బలపడినది.

తొందరగా మరలుటవలన మేలు కలిగిన ఉదాహరణము 2001 ఆగస్టు 24ది. టొరాంటోనుండి లిస్బనుకు 306 మందితో పోవుచున్న ఎయిర్ ట్రాన్సాట్ విమానమున ఇంధనము కారిపోవుచుండెను. కారణము స్పష్టముగా తెలియకున్నను, లెక్క సరిపడకుండుట చూచి చోదకులు లాజెస్ వైపు మరలిరి. మొదటి ఇంజను ఆగినది అటుపిమ్మట సుమారు అరగంటకు. రెండవది కూడ ఆగిన తరువాత 19 నిమిషములు జారుచు పోయి ఆ దీవిలో దిగిరి. అందరును బ్రతికిరి. ఆ అరగంట ముందు మరలకున్నచో క్రింద నీరే యుండెడిది. కారుటను ముందే గుర్తింపలేదని వారిమీద విచారణలో తప్పు పట్టిరి, అదియు నిజమే. ఒకే మనిషి ఒకే రాత్రి తప్పును ఒప్పును చేయగలడు.

2009 జనవరి 15న న్యూయార్కులో లాగ్వార్డియానుండి లేచిన ఎయిర్‌బస్ విమానమునకు అడవిబాతుల గుంపు తగిలి రెండింజన్లును చెడినవి. ఎత్తు సుమారు 2,800 అడుగులు మాత్రమే. నేలమీది అధికారి వెనుకటి రన్వేను, తరువాత న్యూజెర్సీలోని టెటర్బరోను చూపెను. చోదకుడు సలెన్‌బర్గరు రెండింటిని కాదని హడ్సను నదిలో, పడవలు తిరుగుచోటికి దగ్గరగా దింపెను. పక్షులు తగిలినది మొదలు నీటిని తాకువరకు పట్టిన కాలము సుమారు మూడున్నర నిమిషములు. 155 మందియు బ్రతికిరి. తరువాత విచారణలో ఇతర చోదకులను నమూనాయంత్రములో కూర్చుండబెట్టి చూచిరి. దెబ్బ తగిలిన తక్షణమే మరలినవారు పలుమారు లాగ్వార్డియా చేరిరి. ఆలోచనకు 35 సెకండ్లు ఇచ్చి చూడగా చేరలేకపోయిరి. గదిలో కూర్చుండి, ఏమి జరుగనున్నదో ముందే తెలిసినవాడు తక్షణము మరలగలడు. నిజముగా జరుగుచున్నవానికి ఆ 35 సెకండ్లైనను ఈయవలదా?

ఈ కష్టమును చూచియే సహాయపు పద్ధతులు పుట్టినవి. ఐరోపాలో చోదకులకు నేర్పు క్రమమొకటి ఫోర్డెక్ అను పేర గలదు: జరిగినదేమి, మార్గములెన్ని, ఒక్కొక్కదానిలో లాభనష్టములేమి, నిర్ణయమేమి, చేయుటెట్లు, చేసినది సరియేనా యని మరల చూచుట. మన గ్రామపంచాయతీలో పెద్దలు చేయునది ఇదియే; వారికి సాయంత్రము వరకు వ్యవధి యుండును. సంస్థల కార్యాలయములలో నేలమీద కూర్చున్న అధికారులు వాతావరణమును, ఏ యూరిలో ఏ రన్వే మూసియున్నదో చూచి చోదకునికి రేడియోలో తెలుపుదురు.

ఇపుడు యంత్రములును వచ్చినవి. అమెరికాలో నాసావారి ఏమ్స్ పరిశోధనాలయమున 2010 ప్రాంతమున ఒక గణనయంత్రపద్ధతిని కల్పించిరి. దెబ్బతిన్న విమానము ఎంతమట్టుకు తిరుగగలదు, దారిలో గాలివాన యున్నదా, రన్వే పొడవెంత, క్రింద జనము ఎంత దట్టముగా నున్నారు అనువానిని తూచి, చోట్లను మేలైనది మొదలుగా వరుసగా చూపుట దాని పని. ఎన్నుకొనువాడు చోదకుడే. 2020లో గార్మిన్ సంస్థ యంత్రము చిన్న విమానములకు అనుమతి పొందినది. ఒక్కడే చోదకుడున్న విమానమున అతడు మూర్ఛిల్లినచో, ప్రయాణికుడు ఒక మీటను నొక్కిన చాలును. అది తగిన విమానాశ్రయమును తానే ఎన్నుకొని, రేడియోలో తానే మాటలాడి, విమానమును దింపి, ఇంజను ఆర్పును. ఎయిర్‌బస్ వారును 2023లో పెద్ద విమానముమీద ఇట్టిదానిని పరీక్షించిరి.

నాకు ఈ యంత్రములపై గౌరవము గలదు, సందేహమును గలదు. గిమ్లీ ఏ పుస్తకమునను లేదు. పుస్తకమునందు లేని చోటును యంత్రము చూపలేదు. క్వింటాల్ జ్ఞాపకము చూపినది. కాని ఆ జ్ఞాపకమే పందెపు జనమున్న చోటికి విమానమును తెచ్చినది. సరియైన సమాచారము గల యంత్రమైనచో అది మూతపడిన రన్వే యని హెచ్చరించియుండును. హెచ్చరించిన పిదప ఎచ్చటికి పొమ్మనును? వినిపెగు అందదు గదా. ఈ తగవు తీర్చుట నాచేత కాదు.

దిగిన పిమ్మట ప్రయాణికుల గతి యేమి? 2001 సెప్టెంబరు 11న అమెరికా ఆకాశమును మూసివేసినపుడు 38 పెద్ద విమానములు గాండరులో దిగినవి. సుమారు పదివేల జనాభా గల ఆ యూరికి ఆరువేల ఆరువందలకు పైగా అతిథులు వచ్చిరి. సమ్మెలో నున్న బస్సుల డ్రైవర్లు సమ్మె మాని బండ్లు నడపిరి; బడులలోను, దేవాలయములలోను, ఇండ్లలోను పక్కలు వేసిరి. 2023 జూన్‌లో ఢిల్లీనుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు 216 మంది ప్రయాణికులతో పోవుచుండిన ఎయిరిండియా విమానము, ఒక ఇంజనులో లోపము కనబడగా, రష్యాలో తూర్పుకొననున్న మగదాన్‌లో దిగినది. మరియొక విమానము వచ్చి తీసికొనిపోవువరకు ఆ ప్రయాణికులు ఆ చలియూరిలో వేచియుండవలసి వచ్చినది.

మన నేలమీదను అట్టి ఏర్పాటొకటి గలదు. కొరిసపాడు వద్ద జాతీయరహదారిలో కొంతభాగమును విమానములు దిగుటకు తగినట్లు నిర్మించిరి. 2022 డిసెంబరు 29న వాయుసేన విమానములు దానిపై వచ్చి పరీక్ష జరిపినవి. అది సైన్యమునకును, ఆపత్కాలమునకును ఉద్దేశింపబడినది. మన ప్రయాణికుల విమానములు అచట దిగునని ఎవరును ఎదురుచూడవలదు.

మీరు విమానమెక్కునపుడు నిత్యము వాడు మందులను పెట్టెలో వేయక చేతిసంచిలో రెండుదినములకు సరిపడ నుంచుకొనుడు. పెట్టె క్రిందనుండిపోవును, దారి మారినచో చేతికి రాదు. పిల్లల టెలిఫోను సంఖ్యను కాగితముపై వ్రాసి జేబులో పెట్టుకొనుడు. విమానము తెలియని యూరిలో దిగినచో, సిబ్బంది చెప్పువరకు కూర్చున్న చోటనే యుండుడు. దిగనిచ్చుటకు ఆ దేశపు అధికారుల అనుమతి రావలెను, దానికి గంటలు పట్టుటయు గలదు.